పైకి చూస్తూ పరిగెత్తకు

బుజ్జీ,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. అరగంట ఏవేవో మాట్లాడి, పెట్టేసే ముందు "అన్నట్టు అన్నయ్యా, నీ పిచ్చి మా అమ్మాయికీ అంటుకుంది" అన్నాడు. తేలికైన బాల్సా కర్రలు తెప్పించావట, టేబులంతా ఆక్రమించావట, రబ్బరుతో ఎగిరే బొమ్మ విమానం, అదీ స్పిట్‌ఫైర్ యుద్ధవిమానం కడతావట. వాడు నవ్వుతూనే చెప్పాడు, నేనూ నవ్వుతూనే విన్నాను. ఫోన్ పెట్టేశాక మాత్రం నిద్ర పట్టలేదు. నలభై ఏళ్లుగా ఈ ఇంట్లో ఎవరూ ముట్టుకోని పనిని నువ్వు ముట్టుకున్నావని ఒకటే సంబరం. ఆ వెంటే ఒక భయం. ఫోన్‌లో చెప్పలేనిది అందులో ఒకటుంది, అందుకే ఈ ఉత్తరం.

ముందు స్పిట్‌ఫైర్ సంగతి. వద్దు. దాని రెక్కలు ఎంత అందంగా ఉంటాయో నాకూ తెలుసు. కానీ రెక్క ఒంటికి అడుగున ఉన్న విమానం ఒకసారి పక్కకు ఒరిగితే తనంతట తాను సర్దుకోవడం కష్టం. నిజం విమానంలో సర్దడానికి పైలట్ ఉంటాడు. నీ దాంట్లో కాగితం మీద గీసిన పైలట్ ఉంటాడు. పై రెక్క ఉన్నదాన్ని తీసుకో, పైపర్ జె-3 కబ్ లాంటిది. రెక్క ఒంటి పైన ఉంటుంది కాబట్టి ఒరిగినా మళ్ళీ సులువుగా నిలబడుతుంది. డబ్బాలా ఉందని మొహం ముడుచుకోకు. మొదటిది ఎగరాలి, అంతే. ఎగరని అందాన్ని అల్మారాలో పెట్టుకుని చూసుకోవడానికైతే ఇంత కష్టం ఎందుకు?

రెక్క ఈ కొన నుంచి ఆ కొనకు 16 నుంచి 20 అంగుళాల మధ్య ఉండనీ. రెక్క 13 అంగుళాలు దాటనివాటిని పీనట్ స్కేల్ అంటారు, ముద్దొస్తాయి, కానీ అంత చిన్నదాంట్లో ప్రతి జిగురు చుక్కా బరువే. అలాగని మరీ పెద్దదానికీ పోవద్దు. 1878లో రైట్ సోదరులకు వాళ్ళ నాన్న రబ్బరుతో ఎగిరే చిన్న హెలికాప్టర్ బొమ్మ తెచ్చిచ్చాడు. పిల్లలిద్దరూ దాన్ని చూసి ఇంకా పెద్దవి చేశారు. పెద్దది చేసేకొద్దీ అది ఎగరడం తగ్గిపోయింది. పొడవూ వెడల్పూ ఎత్తూ రెట్టింపు చేస్తే రెక్క నాలుగింతలవుతుంది, బరువు ఎనిమిదింతలవుతుంది. ఆ లెక్క ఆ వయసులో వాళ్ళకు తెలియదు. నీకు తెలుసు కాబట్టి వినాలి.

బ్లేడు కొత్తది వాడు. జిగురు తక్కువ వాడు. డోప్, అంటే కాగితం మీద పూసే వార్నిష్ లాంటిది, పూసేటప్పుడు కిటికీలు తెరువు. ప్లాన్ మీద పల్చటి ప్లాస్టిక్ కాగితం పరిచి కట్టు, లేకపోతే రెక్కతో పాటు ప్లాన్ కూడా లేచి వస్తుంది. ఇవన్నీ నీకు ఎవరైనా చెబుతారు.

కర్రల సంగతి మాత్రం నేనే చెప్పాలి. బాల్సా అంతా ఒకటి కాదు. ఒకే కట్టలో ఒక కర్ర దూదిలా ఉంటుంది, పక్కది పొయ్యిలో కట్టెలా ఉంటుంది. ఘనపు మీటరుకు 100 కిలోలు తూగేదీ బాల్సాయే, 200 కిలోలు తూగేదీ బాల్సాయే. ప్రతి కర్రనీ ఒక చివర పట్టుకుని ఊపి చూడు. విమానం ఒళ్ళు పొడవునా రెండు పక్కలా వచ్చే కర్రలు ఒకేలా వంగేవి కావాలి, లేకపోతే ఆరాక విమానం విల్లులా వంగుతుంది. అన్నిటికంటే మెత్తనివి, తేలికైనవి తోకకు దాచు. తోకలో ఒక గ్రాము పెరిగితే దాన్ని సరిచేయడానికి ముక్కులో రెండు మూడు గ్రాముల క్లే పెట్టాలి. మొదటి విమానం కట్టినప్పుడు నేను తోకను ఎంత గట్టిగా కట్టానంటే దాంతో మేకు కొట్టొచ్చు.

రెక్కల మీద టిష్యూ, అంటే పల్చటి కాగితం, అతికించాక నీళ్ళు చిలకరిస్తే బిగుసుకుంటుంది. ఆ బిగుతు చూసి మురిసిపోయి రెక్కను అలాగే వదిలేసి పోవద్దు. ఆరేదాకా బల్ల మీద పిన్నులతో బిగించి ఉంచు. లేదంటే రెక్క మెలి తిరుగుతుంది, మెలి తిరిగిన రెక్కను ఏ సర్దుబాటూ కాపాడదు.

ఇక రబ్బరు. మిగతాదంతా చెక్కపనే, దీని తీరు వేరు. పైనున్న పొడి కడిగి, ఆరబెట్టి, సిలికాన్ నూనె పల్చగా రాయి. మా రోజుల్లో సబ్బూ గ్లిజరినూ కలిపి రాసేవాళ్ళం. యంత్రాలకు వేసే నూనె మాత్రం తగలనివ్వకు, రబ్బరు కుళ్ళిపోతుంది. ఎండా తగలకూడదు. మూతున్న డబ్బాలో, చీకట్లో పెట్టు. ముక్కు దగ్గరి కొక్కెం నుంచి వెనక పుల్ల దాకా ఎంత దూరమో దానికి ఒకటిన్నర రెట్లు పొడవుండాలి. చుట్లు వేసేటప్పుడు ముందు దాన్ని నాలుగైదు రెట్లు బయటికి సాగదీయి. సాగదీసే సగం చుట్లు వెయ్యి, ఆ తర్వాత ఒక్కో అడుగూ విమానం వైపు నడుస్తూ మిగతా సగం వెయ్యి. సాగదీయకుండా చుడితే పట్టేది సగమే. చుట్టేటప్పుడు విమానం ఒంటి లోపల, రబ్బరు చుట్టూ, ఒక అల్యూమినియం గొట్టం దూర్చి ఉంచు. రబ్బరు తెగితే ఆ గొట్టంలో తెగుతుంది. గొట్టం లేకపోతే రెండు నెలల పని ఒక్క చప్పుడుతో పుల్లలూ కాగితమూ అయిపోతుంది. కళ్ళద్దాలు పెట్టుకో. నీకు చూపు బాగానే ఉందని తెలుసు, అయినా పెట్టుకో.

ఇక్కడ ఒక మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకు. గిటార్ ఏమైంది? మూడు నెలలు వాయించి మూల నిలబెట్టావు. ఆరంభశూరత్వం మన వంశంలోనే ఉంది, నిన్నొక్కదాన్నే అనను. కానీ ఇందులో కట్టడం సగం పనే. కట్టేసి, ఒక్కసారి విసిరి, ముక్కు విరిగితే "ఇది ఎగరదు" అని పక్కన పడేసేవాళ్ళే ఎక్కువ.

గాలి లేని ఉదయం, ఎత్తుగా గడ్డి ఉన్న చోటికి పో. చుట్లు వెయ్యకుండా, చేత్తో మెల్లగా ముందుకు వదులు. విసరకు, వదులు. ముక్కు లేచి, ఆగి, కిందికి పడితే ముక్కులో క్లే పెంచు. ముక్కు కిందికి పెట్టి నిటారుగా దిగితే తగ్గించు. ఈ గ్లైడ్, అంటే రబ్బరు బలం లేకుండా జారడం, నిలకడగా వచ్చేదాకా రబ్బరు జోలికి పోవద్దు. తర్వాత కొద్ది చుట్లతో మొదలుపెట్టు. రబ్బరు వదలగానే మొదటి కొన్ని సెకన్లు దాని బలం విపరీతం, తర్వాత చాలాసేపు మెల్లగా తిప్పుతుంది. ఆ మొదటి బలానికి విమానం ఎడమకు ఒరుగుతుంది, ముక్కు లేపుతుంది. అప్పుడు క్లే ముట్టుకోవద్దు. ముక్కు దిమ్మ వెనక సన్నటి అట్టముక్క దూర్చి ప్రొపెల్లర్ ఇరుసును కొంచెం కిందికి, కొంచెం కుడికి వంచు. గ్లైడ్ తప్పుకు మందు క్లే, బలం తప్పుకు మందు ఇరుసు. ఒకసారికి ఒకటే మార్చు, మార్చింది రాసిపెట్టు. నేను రెండూ కలిపి మార్చి ఒక వేసవంతా పోగొట్టుకున్నాను.

ఈ విమానాలకు రేడియో లేదు, తీగ లేదు. 1871లో ఆల్ఫోన్స్ పెనో అనే 21 ఏళ్ల కుర్రాడు పారిస్‌లోని తుయిలరీ తోటలో మెలితిప్పిన రబ్బరుతో ఒక చిన్న విమానాన్ని 11 సెకన్లు ఎగరేశాడు. దాన్ని తిప్పేవాళ్ళు ఎవరూ లేరు, తోక తీరు వల్ల తనంతట తానే నిలకడగా పోయింది. అప్పటి నుంచి ఇప్పటి దాకా ఈ ఆట అంతే. వదిలేదాకానే నీ తెలివి, వదిలాక చూడటమే.

ఇప్పుడు అసలు సంగతి.

మీ నాన్న ఎడమ చెయ్యి పూర్తిగా చాచలేడు, గమనించే ఉంటావు. గోడ మీంచి పడ్డానని చెబుతాడు. అది గోడ కాదు.

నాకప్పుడు 17, వాడికి 11. అది నా మూడో విమానం. పై రెక్కది, 20 అంగుళాలు. లోపల సీటు, కాగితం మీద గీసిన మీటర్లు, కిటికీలకు పారదర్శకంగా ఉండే కాగితం. చుట్లు వేసేటప్పుడు విమానాన్ని రెండు చేతుల్తో పట్టుకోవడం వాడి ఉద్యోగం. ఊపిరి బిగపట్టి, కదలకుండా నిలబడేవాడు. నాకు ఈ పని నేర్పిన పెద్దాయన దానికి డీథర్మలైజర్ పెట్టమన్నాడు. అప్పట్లో అంటే మెల్లగా కాలే వత్తి. అది కాలి కాలి ఒక చిన్న రబ్బరు బ్యాండును తెంపుతుంది, తోక పైకి లేస్తుంది, విమానం ఎగరడం మానేసి గొడుగులా కిందికి దిగుతుంది. ఒకటి రెండు గ్రాముల పని. నేను పెట్టలేదు. బరువు పెరుగుతుందని ఆయనతో అన్నాను. నిజం అది కాదు. అసలు విమానానికి తోక మీద వత్తి ఉంటుందా? నా విమానం అచ్చం అసలుదానిలా కనిపించాలి. అదీ నా పొగరు.

పొద్దెక్కాక వెళ్ళాం. నేల వేడెక్కింది. మొదటిసారి పూర్తి చుట్లు వేసి వదిలాను. కుడికి వలయాలు తిరుగుతూ చెట్లంత ఎత్తు లేచింది. రబ్బరు అయిపోయింది, ప్రొపెల్లర్ ఊరికే తిరుగుతోంది. అప్పుడు దిగాలి. దిగలేదు. బలం లేకుండానే పైకి పోతోంది. వేడిగాలి స్తంభంలోకి దూరింది, థర్మల్ అంటామే, గద్దలు రెక్కాడించకుండా లేచేది అందులోనే. నేను అరిచాను. అంత ఆనందం నాకు మళ్ళీ ఏ రోజూ కలగలేదు, ఉద్యోగం వచ్చిన రోజు కూడా.

వాడు పరిగెత్తాడు. మెడ వెనక్కి వాల్చి, కళ్ళు ఆకాశంలో పెట్టి, విమానం ఎటు పోతే అటు. మైదానం చివర ఎవరో తవ్వి వదిలేసిన గొయ్యి ఉంది. అది ఉందని మా ఇద్దరికీ తెలుసు. వాడు కనిపించకుండా పోయాడు. ఏదో చప్పుడు వినిపించింది.

నేను వెంటనే వెళ్ళలేదు బుజ్జీ. వత్తి పెట్టకపోవడం కుర్రతనం అనుకుంటాను, ఇది మాత్రం అలా అనుకోలేను. కళ్ళు తిప్పితే విమానం పోతుందని అక్కడే నిలబడ్డాను. నలకంత అయ్యేదాకా చూశాను. ఎంతసేపో తెలియదు, పది సెకన్లో, ఇరవయ్యో. నా కాళ్ళు కదిలింది వాడి గొంతు విన్నాక. గోతిలోంచి అడిగాడు: "అన్నయ్యా, కనిపిస్తోందా?"

మోచెయ్యి రెండు చోట్ల విరిగింది. సరిగ్గా అతుక్కోలేదు. ఇంట్లో వాడే చెప్పాడు, గోడెక్కి పడ్డానని. నేను పక్కనే ఉన్నాను, నోరు విప్పలేదు. విమానం దొరకలేదు. ఇన్నేళ్లలో వాడు నన్ను ఒక్క మాట అనలేదు. ఎప్పుడైనా ఒంటరిగా కూర్చున్నప్పుడు మాత్రం "ఎంతసేపు ఎగిరుంటుంది అన్నయ్యా?" అంటాడు.

కాబట్టి డీథర్మలైజర్ పెట్టకుండా పూర్తి చుట్లు వెయ్యొద్దు. వత్తి కాదు. ఎండు గడ్డిలో పడితే నిప్పంటుకుంటుంది. ఇప్పుడు జిగట ద్రవంతో పనిచేసే బుల్లి టైమర్లు వస్తున్నాయి, అది పెట్టు. మొదట్లో ఒక్క నిమిషానికి పెట్టు. తోక కింద కనిపిస్తే కనిపించనీ, ఎవరైనా నవ్వితే నవ్వనీ. ఒక కాగితం ముక్క మీద ఫోన్ నంబరు రాసి ఒంటి లోపల అంటించు. విమానం దూరం పోతే నిలబడిన చోటే నిలబడు. అది ఏ చెట్టు మీదుగా, ఏ స్తంభం మీదుగా దిగిందో గుర్తు పెట్టుకుని, ఆ గీత వెంట నడువు. నడువు అన్నాను. మైదానంలోకి అడుగుపెట్టగానే ముందు ఒకసారి ఆ చివర నుంచి ఈ చివర దాకా తిరిగి, గోతులూ తీగలూ రోడ్డూ ఎటున్నాయో చూడు. ఇది నువ్వు నవ్వుకునే సలహా అని తెలుసు. ఈ ఉత్తరంలో ఇది ఒక్కటి పాటించి మిగతావన్నీ మర్చిపోయినా నేనేమీ అనుకోను.

రబ్బరుకు చుట్లు వేసే నా వైండర్ పంపుతున్నాను. పిడి ఒక్కసారి తిప్పితే కొక్కెం పది చుట్లు తిరుగుతుంది. పిడి మీద గుడ్డ చుట్టి ఉంటుంది, విప్పొద్దు, కింద చెక్క చీలింది. డబ్బాలో కొంచెం రబ్బరు కూడా ఉంది, అది ఎప్పుడో చచ్చిపోయింది, పారెయ్.

మొదటి రోజు మీ నాన్నను తీసుకెళ్ళు. విమానాన్ని పట్టుకోమను. ఎలా పట్టుకోవాలో నువ్వు చెప్పక్కర్లేదు. వదిలేటప్పుడు స్టాప్‌వాచ్ వాడి చేతికివ్వు. వాడి చొక్కా కాలరు నువ్వు పట్టుకో, పరిగెత్తాలని చూస్తాడు.

మీ పెద్దనాన్న