ఆఫీసులో మనుషులు అర్థం కావట్లేదన్న మా చెల్లెలి కూతురికి

చిన్నీ,

నీ మెసేజ్ మొత్తం చదివాను. మధురవాడ కొండ మీద ఆ అద్దాల బిల్డింగులో చేరి రెండు నెలలైనా కాలేదు, అప్పుడే "ఇక్కడందరూ పాలిటిక్స్ మనుషులే పెద్దమ్మా" అని తేల్చేశావు. పాలిటిక్స్ ఉండవని నేను అనను. గాజువాక వైపు ఒక పెద్ద ఫ్యాక్టరీలో, పేరెందుకులే, పర్సనెల్ డిపార్ట్‌మెంట్‌లోనే, అదే మీరు హెచ్ఆర్ అంటారే, సర్వీసంతా గడిపినదాన్ని, లీవు అర్జీల దగ్గర్నుంచి చార్జిషీట్ల దాకా అన్నీ నా టేబుల్ మీదుగానే వెళ్ళాయి. అక్కడ నాకు అర్థమైంది ఏమిటంటే, మనం ఒకరి గుణం అనుకునేదాంట్లో చాలా భాగం ఆ మనిషి ఉన్న చోటు చేయిస్తుంది. ఎక్కువ చేస్తే ఏం దక్కుతుంది, తప్పు ఒప్పుకుంటే ఏం పోతుంది, ఎవరు ఎవరికి జవాబు చెప్పుకోవాలి, ముందు ఇవి చూడు. పక్క సీటువాడు ఆలస్యంగా వస్తే బద్ధకం, మనం ఆలస్యమైతే మాత్రం ఎన్‌ఏడీ జంక్షన్ దగ్గర ట్రాఫిక్, అందరం ఇంతే కదా.

నీకు పని నేర్పని ఆ సీనియర్‌కి అసూయ అని రాశావు. కావచ్చు. కానీ ఈ ఏడాది ఆయన చుట్టూ ఎన్ని సీట్లు ఖాళీ అయ్యాయో కనుక్కున్నావా? తనకొక్కడికే తెలిసిన పని ఉండటమే తన ఉద్యోగానికి భరోసా అని నమ్మేవాడు ఆ పని ఎవరికీ చెప్పడు. మా దగ్గర పాత మెకానిక్‌లు మోటారు శబ్దం విని రోగం చెప్పేవాళ్ళు, కొత్త కుర్రాడు పక్కకొచ్చి నిలబడితే చాలు, అటు తిరిగిపోయేవాళ్ళు. అదే మనుషులకి రిటైర్మెంట్ దగ్గర పడ్డాక, నేర్పడమే నీ డ్యూటీ అని కాగితం మీద రాసిస్తే వద్దన్నా వినకుండా గంటలు గంటలు చెప్పారు. నువ్వు ఆయన్ని "మొత్తం వివరించండి సార్" అని అడక్కు, చిన్న సందేహం ఒకటి తీసుకెళ్ళు, అది తీరాక మేనేజర్‌కి పెట్టే మెయిల్లో ఆయన పేరు రాయి.

ఇక రెండోది, నీకు ఎక్కువ బాధనిపించింది. మూడు రోజుల పని ఒక్క రోజులో ముగించానని, అప్పట్నుంచి పక్కవాళ్ళు లంచ్‌కి పిలవట్లేదని. షికాగో పక్కన వెస్టర్న్ ఎలక్ట్రిక్ కంపెనీకి హాథార్న్ అనే ఫ్యాక్టరీ ఉండేది. 1931-32లో అక్కడ టెలిఫోన్ ఎక్స్‌ఛేంజి పరికరాలకి వైర్లు కట్టే 14 మందిని ఒక గదిలో పెట్టి, ఒకాయన పక్కనే కూర్చుని నెలల తరబడి గమనించాడు. జట్టు ఎక్కువ చేస్తే అందరికీ ఎక్కువ డబ్బు వచ్చే ఏర్పాటు. అయినా వాళ్ళు రోజుకింత అని తమలో తామే ఒక లెక్క పెట్టుకుని అక్కడ ఆగిపోయేవాళ్ళు. దాటినవాణ్ణి "రేట్ బస్టర్", అంటే రేటు చెడగొట్టేవాడు, అని వెక్కిరించేవాళ్ళు, భుజం మీద ఒక గుద్దు కూడా గుద్దేవాళ్ళు. మరీ తక్కువ చేసినవాడికీ మాటలు తప్పవు, పైవాళ్ళకి చాడీలు మోసేవాడి సంగతి చెప్పనే అక్కర్లేదు. బద్ధకస్తులని కొట్టిపారేస్తే మాత్రం అసలు సంగతి మనకి అందదు. ఇవాళ ఎక్కువ చేస్తే రేపు అదే టార్గెట్ అవుతుంది, లేదా ముక్కకిచ్చే రేటు కోస్తారు, నెమ్మదిగా చేసేవాడి ఉద్యోగం పోతుంది, ఇదీ వాళ్ళ భయం, పైగా అది మాంద్యం నడుస్తున్న కాలం.

అలాగని నువ్వు కావాలని నెమ్మదించమని చెప్పను. పని నీ వేగంతోనే చెయ్యి, కానీ "డన్" అని గ్రూపులో అందరికీ కనిపించేలా పెట్టి పక్కవాళ్ళ లెక్క చెడగొట్టకు. మిగిలిన టైములో ఎవరిదైనా ఆగిపోయిన పని ఉంటే చెయ్యి కలుపు. మేనేజర్ "అయితే ఇకమీదట ఇది ఒక్క రోజు పనే కదా" అన్నాడనుకో, "ఇలాంటిది కాలేజీ ప్రాజెక్టులో చేశాను సార్, అందుకే తొందరగా అయింది" అని అందరి ముందూ చెప్పు. ఆ ఒక్క మాటతో లంచ్‌కి పిలుపు వస్తుందో రాదో గానీ నీ మీద భయం తగ్గుతుంది.

మీటింగుల్లో అందరూ తలూపి బయటికొచ్చి తిట్టుకుంటారన్నావు. సోలమన్ ఆష్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1950ల్లో చేసిన ప్రయోగాలున్నాయి. గీతల్లో ఏది ఏ గీతతో సమానమో చెప్పాలి, చిన్నపిల్లలు కూడా చెప్పేస్తారు. మిగతావాళ్ళు కూడబలుక్కుని తప్పు చెబుతుంటే, ఏమీ తెలియకుండా వచ్చిన మనిషి చాలాసార్లు వాళ్ళతోపాటు తప్పే చెప్పాడు. కానీ తోడుగా ఒక్కడు నిజం చెబితే ఆ లొంగడం బాగా తగ్గిపోయింది. అందుకని కొత్తపిల్లవి, మీటింగులో ఒంటరిగా లేచి వీరంగం వెయ్యకు. ముందురోజే ఒకరితో మాట్లాడుకో, ఇద్దరైతే చాలు.

నలుగురికీ కలిపి ఇచ్చిన పని ఎవరూ చెయ్యరన్నది నువ్వు కనిపెట్టిందేం కాదు. రింగెల్మన్ అనే ఫ్రెంచి ఇంజినీరు మనుషుల చేత తాడు లాగించి చూసి 1913లో లెక్కలు అచ్చేశాడు, 8 మంది కలిసి లాగితే ఒక్కొక్కరి లాగుడు సుమారు సగానికి పడిపోయింది. మరి మన జాలారిపేట ఒడ్డున పెద్ద వల లాగేవాళ్ళని చూడు, అక్కడ తప్పించుకునేవాడు కనబడిపోతాడు, పడిన చేపల్లో ఎవరి వాటా వాళ్ళకుంటుంది, పైగా అందరూ ఒక్క ఊపు మీద లాగుతారు. నీ గ్రూపు పనికీ ఏది ఎవరిదో పేర్లు రాయించు, మర్యాదగానే.

తప్పులు దాచడం గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఫ్యాక్టరీలో అది ప్రాణం మీదకొచ్చే వ్యవహారం. మా దగ్గర "నియర్ మిస్" రిజిస్టరు ఉండేది. దెబ్బ తగల్లేదు గానీ తగిలేదే, అలాంటివి అందులో రాయాలి. ఒక సెక్షన్ రిజిస్టరు నెలల తరబడి ఖాళీగా ఉండేది, పై నుంచి వచ్చినవాళ్ళు ఆ ఇన్‌చార్జిని మెచ్చుకుని వెళ్ళేవాళ్ళు. నాకైతే ఆ ఖాళీ పేజీలు చూస్తేనే టెన్షన్. రాసినవాడికి మెమో వచ్చే చోట ఎవడు రాస్తాడు? గోటితో పోయేది గొడ్డలి దాకా వచ్చేది ఇలాంటి చోట్లే. అమీ ఎడ్మండ్సన్ అనే పరిశోధకురాలు 1990ల్లో ఆసుపత్రుల్లో నర్సుల జట్లు మందుల విషయంలో చేసే తప్పుల మీద పనిచేసింది. మంచి జట్లలో తప్పులు తక్కువ ఉంటాయనుకుంటే, వాటిలోనే ఎక్కువ నమోదయ్యాయి. అక్కడ భయం లేకుండా చెప్పుకుంటున్నారు, అదీ తేడా. మీ టీములో ఎవరైనా "ఇది నా వల్లే పోయింది" అన్నప్పుడు మిగతావాళ్ళ మొహాలు చూడు, మేనేజర్ మొదట అడిగే ప్రశ్న విను. "ఎవరు చేశారు" అంటాడా, "ఎలా జరిగింది" అంటాడా? నాలుగేళ్ళు అక్కడ ఉండొచ్చో లేదో దాన్నిబట్టి చెప్పొచ్చు.

జీతం, క్యాంటీన్, ఏసీ గొణుగుళ్ళు ఎప్పుడూ ఉంటాయి. అవి బాగైతే గొణుగుడు ఆగుతుంది, ఉత్సాహం మాత్రం చేసిన పనిని ఎవరైనా గుర్తిస్తేనే వస్తుందని 1959లో హెర్జ్‌బర్గ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త అన్నాడు. నాకు సగమే నమ్మకం. ఆయన ఉద్యోగుల్ని అడిగి తేల్చిన మాట అది, అడిగితే ఎవరైనా మంచి జరిగితే నా గొప్ప, చెడు జరిగితే కంపెనీ తప్పు అంటారు కదా.

ఆఫీసు చార్టులో పెద్ద ఒకరు, నిజంగా అందరూ అడిగేది ఇంకొకరిని. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చి కరెంటు, ఫోన్లు పోయినప్పుడు, ఎవరింటి రేకులు లేచిపోయాయి, ఎవరు డ్యూటీకి రాగలరు అన్నది మా ఆఫీసర్లకి తెలీదు, హాజరు చూసే టైమాఫీసు గుమాస్తాకి తెలుసు. ఆయన చెప్తేనే జనం కదిలారు. మీ దగ్గర అలాంటి మనిషి క్యాబులు చూసే అడ్మిన్ అబ్బాయేమో. కనిపెట్టు, మర్యాదగా ఉండు. అలాగే ఒక్క గుంపుకే అతుక్కుపోకు. ఫ్యాక్టరీ కింద భూములు పోయిన ఊళ్ళవాళ్ళు, బయటి నుంచి వచ్చినవాళ్ళు, కాంట్రాక్టు వాళ్ళు అని మా దగ్గర క్యాంటీన్ బల్లలే వేరుగా ఉండేవి, మీ దగ్గర కాలేజీని బట్టో భాషను బట్టో ఉంటాయి.

ఇంత చెప్పానని అన్నిటికీ "పాపం, చోటు అలాంటిది" అని సర్దుకుపోకు. అసభ్యంగా మాట్లాడేవాడు, ఒంటి మీద చెయ్యి వేసేవాడు ఉంటే వాడి పరిస్థితులు అర్థం చేసుకోవాల్సిన పని నీకు లేదు. పనిచేసే చోట ఆడవాళ్ళ మీద లైంగిక వేధింపుల గురించి వచ్చిన 2013 చట్టం ప్రకారం 10 మంది, అంతకు పైన పనిచేసే ప్రతి చోటా కంపెనీయే అంతర్గత కమిటీ వెయ్యాలి, దానికి ఒక సీనియర్ మహిళ అధ్యక్షురాలిగా ఉండాలి. ఫిర్యాదు రాతపూర్వకంగా, జరిగిన 3 నెలల లోపల ఇవ్వాలి. ఆ కమిటీ వేసిన ఆర్డరు అందరికీ కనబడే చోట పెట్టి ఉండాలి, సోమవారం వెళ్ళగానే ఎక్కడుందో చూడు. లేకపోతే హెచ్ఆర్‌ని మాటల్లో కాదు, మెయిల్లో అడుగు.

మీ పెద్దమ్మ