గింజల్లేని పుచ్చలో పిందెలు ఎందుకు రాలుతున్నాయి?

ప్రశ్న: ఎకరంలో గింజల్లేని కళింగర వేశాను. తీగ బాగా పారింది, పూతకు కొదవ లేదు. కానీ పిందెలు గోలీకాయంత కాకముందే పసుపెక్కి రాలిపోతున్నాయి. పూత, పిందె రాలకుండా వాడే హార్మోన్ మందు ప్లానోఫిక్స్ రెండుసార్లు కొట్టినా ఆగలేదు. విత్తనంతో పాటు ఇంకో చిన్న ప్యాకెట్ ఇచ్చారు. అది గింజలుండే మామూలు రకమని తెలిసి వేయలేదు. విత్తనం నకిలీదని పక్క రైతులు అంటున్నారు, టెన్షన్‌గా ఉంది. ఈ కాయల నుంచి విత్తనం తీసిపెట్టుకోవచ్చా?
– ఒక రైతు, తాడిపత్రి ప్రాంతం, అనంతపురం జిల్లా

జవాబు: మీరు చెప్పినదాన్ని బట్టి విత్తనం నకిలీ కాదు. మీరు వేయకుండా వదిలేసిన ఆ చిన్న ప్యాకెట్ దగ్గరే చిక్కొచ్చింది.

ముందు రాలిన పిందెలు నాలుగైదు ఏరి చూడండి. సన్నటి రంధ్రం ఉండి, కోస్తే లోపల తెల్లపురుగు కనిపిస్తే అది పండు ఈగ పని. రంధ్రం లేకుండా ముడుచుకుపోయి ఉంటే పరాగ సంపర్కం జరగలేదని అర్థం. పొద్దున్నే మీ తోటలోని మగపువ్వును ఒక వేలికి, ఊళ్ళో ఎవరిదైనా మామూలు పుచ్చ పువ్వును ఇంకో వేలికి రాసి చూడండి. మామూలు పువ్వుకు వేలు పసుపు రంగు పుప్పొడితో నిండుతుంది. మీ పువ్వులో పుప్పొడి అంతంతమాత్రం, ఉన్నదీ దాదాపు తాలే.

ఎందుకంటే, మామూలు పుచ్చ కణంలో 22 క్రోమోజోములు (వంశ లక్షణాలను మోసే పోగులు), అంటే 11 జతలు ఉంటాయి. పుప్పొడి, అండం తయారయ్యేటప్పుడు జతలోవి రెండూ చెరో వైపుకు విడిపోయి, ఒక్కోదానిలోకి సరిగ్గా 11 వెళతాయి. ఇదే క్షయకరణ విభజన. సంఖ్య ఇలా సగమవడాన్ని హాప్లోసిస్ అని కూడా అంటారు, ఈ మాట ఇప్పుడు అరుదు. తల్లి సగం, తండ్రి సగం కలిస్తే మళ్ళీ 22. మీ రకంలో ఉన్నవి 33, అంటే 11 రకాలు మూడేసి చొప్పున. మూడింటిని రెండు వైపులకు సమంగా పంచడం కుదరదు కదా! ఒక పక్కకు రెండు, ఇంకో పక్కకు ఒకటి పోతాయి, అదీ 11 రకాల్లో దేనికది విడిగా. ఒక రేణువులోకి అన్నీ ఒక్కొక్కటే, లేదా అన్నీ రెండేసి వచ్చే అవకాశం లెక్కగడితే 1024లో ఒక్కటి. మిగతావాటిలో లెక్క తప్పుతుంది, అవి చాలావరకు పనికిరావు. అండాలదీ ఇదే పరిస్థితి కాబట్టి గింజ కట్టదు, తెల్లటి మెత్తటి తొడుగులే మిగులుతాయి.

గింజ కట్టకపోయినా, పిందె నిలిచి ఊరాలంటే మాత్రం బతికున్న పుప్పొడి ఆడపువ్వు మీద పడాలి. మనం తినే అరటి రకాల్లో చాలావాటికీ 33 క్రోమోజోములే. అయితే పుప్పొడితో పని లేకుండా కాయ ఊరే గుణం అరటికి ఉంది, పుచ్చకు లేదు. ప్లానోఫిక్స్ పుప్పొడి చేసే పని చేయదు, ఇక దానికి డబ్బు పెట్టకండి. పక్కన దోస, కర్బూజా, సొర ఉన్నా లాభం లేదు. మామూలు పుచ్చ పుప్పొడే కావాలి, ఆ చిన్న ప్యాకెట్ ఇచ్చింది అందుకే.

ఆ ప్యాకెట్ ఇప్పుడు విత్తితే పూతకొచ్చేసరికి మీ తోట పని అయిపోతుంది. అందుకని దగ్గర్లోని మామూలు పుచ్చ తోట నుంచి తెల్లవారగానే మగపూలు తెచ్చుకోండి. రేకులు తుంచి, ఆడపువ్వు మధ్యలో మూడు పాయలుగా కనిపించే కీలాగ్రానికి మూడింటికీ అంటేలా మెల్లగా రాయండి. ఆడపువ్వు విచ్చుకునేది ఒక్క పూటే, ఎండ ముదిరే లోపే పని కావాలి. ఎకరమంతా చేయడం కూలీతో కూడిన పనే. మొక్కకు ఒకటి రెండు కాయలు నిలబెట్టుకున్నా నష్టం కొంత తగ్గుతుంది. ఉదయం పూట పురుగుమందు కొట్టకండి, తేనెటీగలు పోతాయి. తప్పనిసరైతే సాయంత్రం కొట్టండి.

వచ్చే పంటలో ప్రతి మూడు మొక్కలకు ఒక మామూలు పుచ్చ మొక్క వేయండి. దాని కాయ చారలో, రంగులో తేడాగా ఉంటే కోతలో కలిసిపోదు. ఎకరానికి రెండు తేనెటీగల పెట్టెలు పెట్టగలిగితే మరీ మంచిది. ఈ విత్తనం పెంకు మందం, మొలక కష్టం. ట్రేలలో సన్నటి కొన పైకి ఉండేలా పెట్టండి, 30 డిగ్రీల వెచ్చదనం చూసుకోండి, నీరు ఎక్కువ కానివ్వకండి.

విత్తనం తీసిపెట్టుకోవడం మాత్రం కుదరదు. ఈ విత్తనం కోసం ముందు 22 ఉన్న మొలకల చిగురుకు, క్రోమోజోములను రెట్టింపు చేసే కాల్చిసిన్ అనే రసాయనం పూసి 44 క్రోమోజోముల మొక్కను తయారుచేస్తారు. దాని అండంలో 22, మామూలు పుచ్చ పుప్పొడిలో 11, రెండూ కలిస్తే 33. జపాన్ శాస్త్రవేత్త కిహరా హితోషి ఈ పద్ధతిని 1951లో ప్రచురించారు. మన దేశంలో పూసా బేదాన, అర్కా మధుర అనే గింజల్లేని రకాలు ఇలా వచ్చినవే. ఈ సంకరం విత్తనం కోసం ప్రతిసారీ చేయాల్సిందే, ధర ఎక్కువగా ఉండేది అందుకే. కాల్చిసిన్ అడవినాభిలోనూ ఉంటుందని కొందరికి తెలుసు. అది ప్రాణం తీసే విషం, దాని జోలికి పోవద్దు. చిన్న ప్యాకెట్ మొక్కల కాయల్లో గింజలుంటాయి. కానీ అది హైబ్రిడ్ అయితే వాటి నుంచి వచ్చే తరంలో కాయలు ఒక్కోటి ఒక్కో తీరుగా వస్తాయి, మార్కెట్‌కు పనికిరావు.