సోడియం పంప్ ఏటీపీ ప్లాట్ వంగితే రెండు ఆల్ఫాల మధ్య సహకారం ఉన్నట్టేనా?

పంది కిడ్నీ నుంచి తీసిన సోడియం–పొటాషియం ఏటీపీయేజ్‌తో (ఏటీపీని విడగొట్టి ఆ శక్తితో సోడియం, పొటాషియాలను కణపొర దాటించే ఎంజైమ్, అదే సోడియం పంప్) ఏటీపీ గాఢత మారుస్తూ వేగం కొలిస్తే మీకు ఈడీ–హాఫ్‌స్టీ ప్లాట్ (వేగాన్ని, వేగం/గాఢత నిష్పత్తికి ఎదురుగా గీసే గ్రాఫ్) సరళరేఖగా రాలేదు, హిల్ గుణకం (సైట్ల మధ్య సహకారాన్ని సూచించే సంఖ్య) 1 కంటే తక్కువ వచ్చింది. దీన్ని పక్కపక్కనున్న రెండు ఆల్ఫా సబ్‌యూనిట్ల (ఏటీపీ అంటే ప్రధాన ప్రోటీన్ భాగాల) నెగటివ్ కోఆపరేటివిటీ, అంటే ఒకదానికి ఏటీపీ అంటితే రెండోదానికి అంటడం కష్టమవడం, అని థీసిస్‌లో రాయవచ్చా అని అడిగారు. ఆ ఒక్క ప్లాట్‌ను నమ్ముకుని రాయకండి.

ఒంటరి ఆల్ఫా కూడా ఇలాంటి వంపే ఇస్తుంది. పంప్ తన చక్రంలో ఈ1, ఈ2 (E1, E2) అనే రెండు రూపాల మధ్య మారుతుంది. ఈ1 రూపం మైక్రోమోలార్ కంటే తక్కువ ఏటీపీతోనే ఫాస్ఫేట్‌ను ఎక్కించుకుంటుంది. పొటాషియాన్ని బిగించి పట్టుకున్న ఈ2 రూపానికి ఏటీపీ అంటాలంటే వందల మైక్రోమోలార్ కావాలి. అంటితే మాత్రం పొటాషియం వదిలే మెట్టు ఎన్నో రెట్లు వేగం అందుకుంటుంది. ఏటీపీ లేకపోతే గది ఉష్ణోగ్రతలో ఆ మెట్టు సెకనుకు ఒక్కసారి కూడా జరగదు. అంటే ఒకే చక్రంలో ఏటీపీ రెండు చోట్ల, రెండు రకాల బలంతో పనిచేస్తోంది.

దీన్ని మీ బెంచ్ మీదే చూడవచ్చు. 3 మిల్లీమోలార్ ఏటీపీ ఉన్నప్పుడు 20 మిల్లీమోలార్ పొటాషియం క్లోరైడ్ కలిపితే వేగం బాగా పెరుగుతుంది. 1 మైక్రోమోలార్ ఏటీపీ దగ్గర అదే కలిపితే తగ్గుతుంది, ఎందుకంటే ఎంజైమ్ ఈ2లో ఇరుక్కుపోతుంది. (రెండింట్లోనూ సోడియం 130, మెగ్నీషియం 4 మిల్లీమోలార్, పీహెచ్ 7.4.)

అంతకంటే ముందు ఆ వంపు నిజమైనదో కాదో తేల్చుకోండి. తక్కువ ఏటీపీ పాయింట్లే ఎక్కువగా మోసం చేస్తాయి. ఎంజైమ్ గరిష్ఠ వేగం మిల్లీగ్రాముకు నిమిషానికి 20 మైక్రోమోల్ అనుకుందాం. 1 మైక్రోమోలార్ ఏటీపీ దగ్గర అందులో 2 శాతమే నడిచినా, 1 మి.లీ.లో 1 మైక్రోగ్రాము ఎంజైమ్ నిమిషానికి 0.4 నానోమోల్ తినేస్తుంది. గొట్టంలో ఉన్నది మొత్తం 1 నానోమోల్. ఏటీపీలో 10 శాతం కంటే ఎక్కువ ఖర్చు కాకూడదంటే మీకు దొరికేది 15 సెకన్లే. కాబట్టి ఎంజైమ్ తగ్గించి, గామా ఫాస్ఫరస్-32 ఏటీపీ (చివరి ఫాస్ఫేట్ రేడియోధార్మికమైనది) వాడండి. మన యల్లాప్రగడ సుబ్బారావు పేరు మోస్తున్న 1925 నాటి ఫిస్కే–సుబ్బారావు పద్ధతి (విడుదలైన ఫాస్ఫేట్‌ను రంగుతో కొలిచేది) 3 మిల్లీమోలార్ దగ్గర చక్కగా పనిచేస్తుంది, ఇక్కడ మాత్రం దానికి అందదు.

పైరువేట్ కైనేజ్–లాక్టేట్ డీహైడ్రోజినేజ్ జంటతో (ఏడీపీని తిరిగి ఏటీపీగా మార్చి, ఆ లెక్కను ఎన్‌ఏడీహెచ్ తగ్గుదలగా చూపే రెండు ఎంజైములు) 340 నానోమీటర్ల దగ్గర కొలిస్తే ఏటీపీ తరగదు, ఏడీపీ పేరుకోదు. కానీ అమ్మోనియం సల్ఫేట్‌లో వచ్చే బాటిల్ అయితే డీసాల్ట్ చేసి (ఆ ఉప్పు తొలగించి) తీరాలి, అమ్మోనియం ఈ పంప్‌కు పొటాషియంలాగే కనిపిస్తుంది. పైరువేట్ కైనేజ్‌కు కూడా పొటాషియం కావాలి కనుక పొటాషియం టైట్రేషన్‌కు ఈ జంటను వాడకండి. ఏటీపీ వెనడేట్ (ఈ పంప్‌ను ఆపేసే వెనేడియం సమ్మేళనం) లేనిదై ఉండాలి. కండరం నుంచి తీసిన పాత ఏటీపీలో వెనడేట్ ఉన్నట్టు 1977లోనే తేలింది. ఓవబేన్ (ఈ పంప్‌ను ప్రత్యేకంగా ఆపే మందు) బ్లాంక్ ప్రతి ఏటీపీ గాఢతకూ విడిగా పెట్టండి. మెదడు కణజాలం వద్దు, ఆల్ఫా 1, 2, 3 కలగలిసి అదే వంపు తెస్తాయి.

ఇతర సబ్‌యూనిట్ల ప్రభావం మాత్రం వాస్తవమే. బీటా (ఆల్ఫాకు జతగా ఉండే సబ్‌యూనిట్) లేకపోతే ఆల్ఫా సరిగ్గా మడతపడదు, పొరకూ చేరదు. బీటా రకం మారితే పొటాషియం అఫినిటీ (అంటుకునే బలం) కదులుతుంది. కిడ్నీలోని ఎఫ్‌ఎక్స్‌వైడీ2 అనే చిన్న సబ్‌యూనిట్ (పాత పేరు గామా) ఏటీపీ అఫినిటీని పెంచి, సోడియం అఫినిటీని తగ్గిస్తుంది. కాబట్టి రెండు కణజాలాల కేఎం (గరిష్ఠ వేగంలో సగానికి కావలసిన ఏటీపీ గాఢత) తేడా వచ్చినప్పుడు ముందు దీనికి వెస్టర్న్ బ్లాట్ (యాంటీబాడీతో ప్రోటీన్‌ను గుర్తించే పరీక్ష) చేయండి.

ఆల్ఫా–ఆల్ఫా సంబంధమే పరీక్షించాలంటే సీ12ఈ8 డిటర్జెంట్‌లో కరిగించండి. విడివిడి ఆల్ఫా–బీటా జంటలూ ఏటీపీని విడగొడతాయి. అవి నిజంగా విడిపోయాయని అల్ట్రాసెంట్రిఫ్యూజ్‌లో చూసుకున్నాక ఏటీపీ వక్రం మళ్లీ తీయండి. వంపు అలాగే ఉంటే దానికి డైమర్ (రెండు ఆల్ఫా–బీటా జంటల కూడిక) అక్కర్లేదన్నమాట. వంపు మాయమైతే తొందరపడకండి, డిటర్జెంట్ ఎక్కువైతే ఎంజైమే చచ్చిపోతుంది. గ్లిసరాల్, ఫాస్ఫోలిపిడ్ కలిపి, పని ముగిశాక మిగిలిన యాక్టివిటీ కూడా కొలవండి.

రెండు ఆల్ఫాలు కలిసి పనిచేస్తాయనడానికి చూపే, సగం సైట్లే ఫాస్ఫోరిలేట్ అయ్యాయన్న (ఫాస్ఫేట్ ఎక్కించుకున్నాయన్న) వాదనతోనూ జాగ్రత్త. ఆల్ఫా–బీటా జంట సుమారు 147 కిలోడాల్టన్లు అనుకుంటే మిల్లీగ్రాముకు 6.8 నానోమోల్ రావాలి. మీకు 3 వచ్చిందంటే సగం సైట్లు నిద్రపోతున్నాయనీ అనొచ్చు, ప్రిపరేషన్‌లో సగం చచ్చిన ఎంజైమో వేరే ప్రోటీనో ఉందనీ అనొచ్చు. నాకైతే రెండోదే మొదటి అనుమానం.

థీసిస్‌లో హిల్ గుణకం బదులు రెండు పదాల (టర్మ్‌ల) సమీకరణంతో ఫిట్ చేసి, రెండు కేఎంలు, రెండు వీమ్యాక్స్‌లు (గరిష్ఠ వేగాలు) ఇవ్వండి. పాయింట్లు 0.1 మైక్రోమోలార్ నుంచి 3 మిల్లీమోలార్ దాకా లాగ్ స్కేల్‌లో సమదూరంగా ఉండాలి.