పదో తరగతి తర్వాత పశువుల చదువు, పంటల చదువు: మీ ప్రశ్నలు, నా జవాబులు

పదో తరగతి ఫలితాలు వచ్చాక ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల్లో సగం ఇవే ప్రశ్నలు. అందుకే ఈసారి నాలుగు ఉత్తరాలే తీసుకుని, కాస్త వివరంగా రాస్తున్నాను.

ప్రశ్న: మా ఇంట్లో రెండు గేదెలున్నాయి. మా అమ్మాయి చిన్నప్పటి నుంచీ వాటి వెంటే తిరిగింది. పదో తరగతిలో మంచి మార్కులు వచ్చాయి, ఇప్పుడు పశుసంవర్ధక డిప్లొమా చేస్తానంటోంది. ఆడపిల్లకు పేడ చదువేంటని మా అత్తగారు, బైపీసీలో వేసి కోచింగ్ పెట్టించమని మా తమ్ముడు. నాకేమీ తోచడం లేదు.
– ఒక తల్లి, నంద్యాల జిల్లా

అమ్మా, ముందు మీ అమ్మాయిని కూర్చోబెట్టుకుని ఒకటే అడగండి. పశువుల డాక్టర్ కావాలని ఉందా, పశువుల దగ్గర పని చేయాలని ఉందా? ఈ రెండూ వేరువేరు దారులు. ఆ తేడా తెలియకుండా డిప్లొమాలో చేరి, రెండో ఏడాదిలో ఏడ్చే పిల్లలు ఉంటారు కాబట్టే ఇది మొదట చెబుతున్నాను.

డాక్టర్ కావాలంటే ఇంటర్‌లో బైపీసీ చదివి బీవీఎస్సీ అండ్ ఏహెచ్ అనే పశువైద్య డిగ్రీ చేయాలి. ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్ళు. పశుసంవర్ధక డిప్లొమా రెండేళ్ళే. ఆంధ్రప్రదేశ్‌లో తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కింద ఉన్న పాలిటెక్నిక్‌లలో చెబుతారు. డిప్లొమా చేసినవాళ్ళు సొంతంగా పశువైద్యం చేయకూడదు. 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం ప్రకారం వైద్యం చేసే హక్కు డిగ్రీ చేసి రిజిస్టరైన డాక్టర్లదే, డిప్లొమా ఉన్నవాళ్ళు రాష్ట్ర ప్రభుత్వం అనుమతించిన చిన్న సేవలు మాత్రం డాక్టర్ పర్యవేక్షణలో చేయవచ్చు. ప్రథమ చికిత్స, టీకాలు, నట్టల మందు తాగించడం, ఇలాంటివన్నమాట. ఈ సంగతి తెలిసి కూడా సరేనంటే, నా ఓటు మీ అమ్మాయికే.

ఎందుకంటే ఈ చదువులో సగం పుస్తకంలో ఉండదు. ఒక్క ఎద సంగతే చూడండి, అంటే పశువు చూడి కట్టడానికి సిద్ధంగా ఉండే సమయం. గేదె ఇరవై ఒక్క రోజులకోసారి ఎదకు వస్తుంది, కానీ ఆవులా అరిచి గోల చేయదు, ఎండాకాలంలో అయితే మరీ మూగ ఎద. తెల్లవారుజామున కొట్టంలోకి వెళ్ళి, మానం కాస్త ఉబ్బిందా, గాజులాంటి జిగురు తీగ జారుతోందా, నిన్నటికంటే పాలు తగ్గాయా అని చూసే కన్ను ఉండాలి. పొద్దున ఎద కనిపిస్తే సాయంత్రం, సాయంత్రం కనిపిస్తే మర్నాడు పొద్దున చూడి కట్టే ఇంజెక్షన్ (కృత్రిమ గర్భధారణ) చేయించాలి. అది తప్పిందంటే మళ్ళీ ఇరవై ఒక్క రోజుల మేత, దాణా దండగ. గేదె చూడి కట్టాక ఈనడానికి దాదాపు 310 రోజులు పడుతుంది కాబట్టి, ఎద తప్పినకొద్దీ ఈత వెనక్కి పోతుంది, పాల డబ్బులూ వెనక్కి పోతాయి. గేదెల మధ్య పెరిగిన పిల్లకు ఈ కన్ను ముందే వచ్చి ఉంటుంది. దూడ పుట్టిన మొదటి రెండు గంటల్లో ముర్రుపాలు ఎందుకు తాగించాలో, మాయ పడకపోతే ఎవరిని పిలవాలో, గాలికుంటు టీకా ఎప్పుడు వేయించాలో ఇప్పుడు కారణాలతో సహా నేర్చుకుంటుంది.

మీ అత్తగారికి నా మాటగా చెప్పండి. మన ఇళ్ళలో పాలు పితికేది, కుడితి పెట్టేది, పేడ తీసేది ఎక్కువగా ఆడవాళ్ళే. పని ఎప్పుడూ ఆడవాళ్ళదే అయినప్పుడు, ఆ పనిలో చదువు, జీతం కూడా వాళ్ళకి రావాలి కదా.

ఉద్యోగాల మాట. 2019లో గ్రామ సచివాలయాలు వచ్చినప్పుడు పశుసంవర్ధక సహాయకుల పోస్టులు పెద్ద సంఖ్యలో పడ్డాయి. అలాంటి నోటిఫికేషన్ ఏటా రాదు. డెయిరీలు, కోళ్ళ హేచరీలు, దాణా కంపెనీలు తీసుకుంటాయి, మొదట్లో జీతం తక్కువే ఉంటుంది. సర్కారు ఉద్యోగం ఒక్కటే లెక్క పెట్టుకుని చేర్పించకండి.

ప్రశ్న: సర్, నాకు బీఎస్సీ అగ్రికల్చర్ చేయాలని ఉంది. మా నాన్న అగ్రి డిప్లొమాలో చేరమంటున్నాడు, మా సారు అది చేస్తే రెండేళ్ళు వేస్టు, ఇంటర్ బైపీసీ చేయమంటున్నారు. ఎవరి మాట వినాలి?
– పదో తరగతి పూర్తి చేసిన విద్యార్థి, మహబూబాబాద్ జిల్లా

రెండేళ్ళు వేస్టు అన్నది నిజం కాదు తమ్ముడూ. ఇంటర్ రెండేళ్ళు, అగ్రి డిప్లొమా కూడా రెండేళ్ళే. డిప్లొమా వాళ్ళ కోసం అగ్రిసెట్ అనే ప్రవేశ పరీక్ష ఉంది, అందులో ర్యాంకు వస్తే నాలుగేళ్ళ బీఎస్సీ అగ్రికల్చర్‌లో చేరవచ్చు. కాబట్టి సీటు వస్తే ఏడాది కూడా నష్టం లేదు. చిక్కల్లా ఆ ‘సీటు వస్తే’ అన్న మాట దగ్గరే ఉంది. అగ్రిసెట్‌కు కేటాయించిన సీట్లు కొద్ది శాతమే, రాసేవాళ్ళందరూ నీలాగే రెండేళ్ళు పంటలు చదివి వచ్చినవాళ్ళు. బైపీసీ దారిలో ఇంటర్ తర్వాతి ప్రవేశ పరీక్ష ఎప్‌సెట్ రాసేవాళ్ళు ఎక్కువ, సీట్లూ ఎక్కువే. రైతు కుటుంబాల పిల్లలకు విడిగా కోటా కూడా ఉంది, దానికి భూమి కాగితాలు, గ్రామీణ ప్రాంతంలో చదివిన సర్టిఫికెట్లు అడుగుతారు. పట్టాదారు పాస్ పుస్తకం ఎవరి పేరున ఉందో ఇప్పుడే చూసుకోండి. కౌన్సెలింగ్ రోజున తాతగారి పేరు మీద ఉందని తెలిస్తే అప్పుడిక చేసేదేమీ ఉండదు.

మరి ఎలా తేల్చుకోవాలి? డిగ్రీ సీటు రాకపోయినా డిప్లొమాతో బతకడానికి నీకు ఇష్టమేనా అని ఆలోచించు. డిప్లొమా చేతిలో ఉంటే విత్తన కంపెనీల ఫీల్డ్ ఉద్యోగాలున్నాయి, ఎరువుల దుకాణం పెట్టుకోవడానికి అర్హత ఉంటుంది, తెలంగాణలో ఐదు వేల ఎకరాలకొకరు చొప్పున పెట్టిన ఏఈఓ (వ్యవసాయ విస్తరణ అధికారి) పోస్టులకు కూడా ఈ డిప్లొమావాళ్ళు పోటీ పడవచ్చు. బైపీసీ చదివి ర్యాంకు రాకపోతే ఆ రెండేళ్ళ చదువుతో నేరుగా ఉద్యోగం దొరకడం కష్టం. డబ్బు ఇబ్బంది ఉన్న ఇల్లయితే మీ నాన్న చెప్పిందే నాకు సబబుగా ఉంది. చదువులో బాగా ముందుంటావు, ఇంట్లో ఇంకో ఆరేళ్ళు ఆగగలరంటే మీ సారు మాట విను.

తెలంగాణలో ఈ డిప్లొమాలకు పాలిసెట్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. గణితం, ఫిజిక్స్, కెమిస్ట్రీతో ఆపేస్తే ఇంజినీరింగ్ డిప్లొమాకే పనికొస్తుంది, వ్యవసాయం, పశుసంవర్ధకం, ఉద్యాన డిప్లొమాలకు బయాలజీ కూడా కలిపి ఎంబైపీసీ ర్యాంకు చూస్తారు. దరఖాస్తులో ఆ గడి దగ్గర జాగ్రత్త. ఆంధ్రప్రదేశ్ పిల్లలు ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం ప్రకటన చూసుకోవాలి, నియమాలు మారుతుంటాయి కాబట్టి పోయినేడు అన్న చేరిన పద్ధతి ఈ ఏడాదికి పనికిరాకపోవచ్చు. ఇంటర్‌లోనే క్రాప్ ప్రొడక్షన్, లైవ్‌స్టాక్ అండ్ డెయిరీ లాంటి వొకేషనల్ గ్రూపులు కూడా ఉన్నాయి. వాటిలో చేరేటట్టయితే డిగ్రీకి బ్రిడ్జ్ కోర్సు రాయాలా అని చేరే రోజే ప్రిన్సిపాల్‌ను అడగాలి.

ఇంకోటి, ఏ కాలేజీలో చేరినా ముందు ఒకసారి వెళ్ళి పొలం చూసి రా. పిల్లలు నాటిన మడి ఉందా, నీళ్ళు పారుతున్నాయా, నారుమడిలో ఎవరైనా వంగి కనిపిస్తున్నారా చూడు. బ్రోషర్‌లో ట్రాక్టర్ ఫొటో ఉండి, ఆవరణలో పల్లేరు ముళ్ళు మాత్రమే ఉంటే అక్కడ చేరవద్దు. ప్రైవేటు కాలేజీల విషయంలో ఇది మరీ ముఖ్యం. నాలుగు మాటలు అక్కడి సీనియర్లతో మాట్లాడితే అంతా తెలిసిపోతుంది.

ప్రశ్న: మేము టెక్సస్‌లో డాలస్ దగ్గర ఉంటున్నాం. మా బాబు తొమ్మిదో గ్రేడ్, వెటర్నరీ డాక్టర్ అవుతానని హైస్కూల్లో యానిమల్ సైన్స్ క్లాసులు తీసుకుంటానంటున్నాడు. స్కూల్ బార్న్‌లో (పశువుల కొట్టంలో) మేకపిల్లనో పంది పిల్లనో పెంచి, షోలో చూపించి, చివరికి వేలం వేస్తారట. మేము శాకాహారులం. వద్దంటే వాడు బాధపడతాడు, సరేనంటే తర్వాత ఇంకా బాధపడతాడేమోనని టెన్షన్‌గా ఉంది.
– ఒక అమ్మ

మీ భయం సరైనదే. మార్కెట్ ప్రాజెక్టు అంటే ఆ జంతువు మాంసానికే వెళ్తుంది. ఆ పిల్లలు నెలల తరబడి రోజూ పొద్దునా సాయంత్రం బార్న్‌కు వెళ్ళి మేత పెట్టి, కడిగి, నడిపించి, తూకం వేసి, పేరు పెట్టి పిలుచుకుంటారు. వేలం రోజున రైతు ఇళ్ళ పిల్లలు కూడా ఏడుస్తారు. బాబుకు ఈ ముగింపు ముందే తెలియాలి, చేరేముందు మీరే చెప్పండి, టీచర్ చెప్తుందిలే అని వదిలేయకండి.

కానీ ఆ ఒక్క కారణానికి చదువే మానిపించనక్కర్లేదు. అమెరికాలో 1917లో స్మిత్-హ్యూస్ చట్టంతో హైస్కూళ్ళలో వ్యవసాయ చదువుకు కేంద్ర ప్రభుత్వ నిధులు వచ్చాయి, 1928లో కాన్సస్ సిటీలో ఎఫ్ఎఫ్ఏ అనే వ్యవసాయ విద్యార్థుల సంఘం మొదలైంది. క్లాసు, ఎఫ్ఎఫ్ఏ, పిల్లవాడి సొంత ప్రాజెక్టు, ఈ మూడూ కలిస్తేనే అక్కడ అగ్రికల్చర్ చదువు. సొంత ప్రాజెక్టు అంటే వేలం వేసే పందే కానక్కర్లేదు. పెయ్యను పెంచి బ్రీడింగ్ షోలో చూపించవచ్చు, షో అయ్యాక అది ఇంటికో ఫారానికో తిరిగి వెళ్తుంది. కాకపోతే ఖర్చు ఎక్కువ, చోటు కావాలి. పాల మేకలు, కుందేళ్ళలో కూడా బ్రీడింగ్ విభాగాలుంటాయి. ఇవేవీ వద్దంటే వెటర్నరీ క్లినిక్‌లో పనిచేయడం, జంతువుల ప్రవర్తన మీద చిన్న పరిశోధన, గ్రీన్‌హౌస్‌లో నారు పెంచి అమ్మడం, ఇవన్నీ ప్రాజెక్టులే. వెటర్నరీ సైన్స్‌లో, పశువులను చూసి అంచనా వేయడంలో పోటీలుంటాయి, వాటికి సొంత జంతువు ఉండాల్సిన పని లేదు.

క్రెడిట్ల గురించి మీరు అడగలేదు కానీ మన తల్లిదండ్రులు తప్పకుండా అడిగేది అదే, చెప్పేస్తాను. టెక్సస్‌లో అడ్వాన్స్‌డ్ యానిమల్ సైన్స్, అడ్వాన్స్‌డ్ ప్లాంట్ అండ్ సాయిల్ సైన్స్ క్లాసులు సైన్స్ క్రెడిట్‌గా లెక్కకు వస్తాయి, ఫ్లోరల్ డిజైన్ ఫైన్ ఆర్ట్స్ కింద వస్తుంది. ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, కాలేజీ స్థాయి) క్లాసులు పోతాయన్న భయం ఉంటే నాలుగేళ్ళ ప్లాన్ వేసుకుని కౌన్సెలర్‌తో కూర్చోండి. వెటర్నరీ కాలేజీలు జంతువులతో ఎంత అనుభవం ఉందని అడుగుతాయి, ఆ అనుభవం ఇక్కడే మొదలవుతుంది. ఒక మాట మాత్రం బాబుతో నెమ్మదిగా చెప్పండి: పెద్ద పశువుల డాక్టరైతే పనిచేసేది మాంసం, పాల రైతుల దగ్గరే. దాన్ని చూసి తట్టుకోగలనా అన్నది వాడు ఈ వయసులో తెలుసుకుంటే మంచిదే.

ప్రశ్న: మా ఉన్నత పాఠశాలలో తొమ్మిది, పది తరగతులకు వ్యవసాయం వొకేషనల్ సబ్జెక్టుగా ఉంది. పది సెంట్ల ఖాళీ స్థలం తప్ప ఏమీ లేదు, నిధులు లేవు. ప్రాక్టికల్స్ ఎలా చేయించాలి?
– ఒక ఉపాధ్యాయుడు, శ్రీకాకుళం జిల్లా

మాస్టారూ, పది సెంట్లు చాలు. స్థలం సిద్ధమయ్యేలోపు మొలక పరీక్షతో మొదలుపెట్టండి. ఒక్కో విద్యార్థి ఇంటి నుంచి విత్తనాలు తేవాలి, రైతు ఇంట్లో దాచుకున్నవి. నూరు గింజలు లెక్కబెట్టి తడి గోనెసంచి ముక్క మీద వరసగా పేర్చి, చుట్టచుట్టి నీడలో పెట్టాలి, రోజూ నీళ్ళు చిలకరించాలి. మినుము, పెసర, కంది అయితే వారం తర్వాత, వేరుశనగ పది రోజులకు, వరి, మిరప రెండు వారాలకు విప్పి లెక్కించాలి. వేరు, మొలక రెండూ బాగా వచ్చినవే లెక్కకు వస్తాయి, వేరు వచ్చి మొలక రానిది, వంకరపోయినది పక్కన పెట్టాలి. ధ్రువీకరించిన విత్తనానికి కనీస మొలక శాతం వరికి 80, మినుము, పెసర, కందికి 75, వేరుశనగకు 70, మిరపకు 60. పిల్లలు తమ ఇంటి విత్తనం ఎక్కడుందో ఆ పట్టికలో చూసుకుంటారు. ఎవరిదైనా తక్కువ వస్తే విత్తే ముందే ఇంట్లో తెలుస్తుంది, ఆ తండ్రి మర్నాడే బడికి వస్తాడు చూడండి.

పశువుల పాఠానికి టేపు చాలు. ముందు కాళ్ళ వెనక ఛాతీ చుట్టుకొలత, భుజం మొన నుంచి పిరుదు ఎముక చివర దాకా పొడవు, రెండూ అంగుళాల్లో కొలవాలి. చుట్టుకొలతను దానితోనే గుణించి, పొడవుతో గుణించి, 660తో భాగిస్తే సుమారు బరువు కిలోల్లో వస్తుంది. చుట్టు 60, పొడవు 50 అయితే దాదాపు 273 కిలోలు. నట్టల మందు మోతాదు బరువును బట్టే కాబట్టి ఈ లెక్క ఊరికే పోదు. లెక్కల మాస్టారును కూడా పిలవండి. కొలిచేటప్పుడు పశువు యజమాని పక్కనే ఉండాలి, కొత్తవాళ్ళు వెనక నుంచి వెళ్ళకూడదు.

మడిలో ఏం వేయాలంటారా, ఆకుకూరలు వేయండి. తోటకూర, పాలకూర నెల రోజుల్లో చేతికొస్తాయి, పిల్లలకు ఓపిక సడలదు, మధ్యాహ్న భోజనంలోకి పనికొస్తాయి. పురుగుమందు కొట్టే పని మాత్రం పిల్లలతో అస్సలు చేయించవద్దు. రంగు పూసిన కంపెనీ విత్తనాలు మొలక పరీక్షకు తెచ్చినా వెనక్కి పంపేయండి, ఆ రంగుతో పాటు మందు ఉంటుంది.