ఎముకలు గుల్లబారినప్పుడు మందులు: ఎలా మొదలుపెట్టాలి, ఎలా ఆపాలి?

ఆస్టియోపొరోసిస్, అంటే ఎముకలు గుల్లబారే జబ్బు గురించి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువమంది ‘ఏ మందు మంచిది’ అని అడిగారు. గట్టి రుజువులున్న మందులు ఈ జబ్బుకు ఇప్పుడు చాలానే ఉన్నాయి. అయితే ఎంత మంచి మందైనా వేసుకునే పద్ధతి తప్పితే ఒంటికి పట్టదు, ఆపే పద్ధతి తప్పితే కొన్నిసార్లు కీడే చేస్తుంది. అందుకే ఈసారి జవాబుల్లో మందుల పేర్లకన్నా వాటిని వాడే తీరుకే ఎక్కువ చోటిస్తున్నాను.

ప్రశ్న: నా వయసు 63. ఇంట్లో నడుస్తూ జారిపడితే మణికట్టు విరిగింది. కట్టు విప్పాక డెక్సా పరీక్ష (ఎముకల సాంద్రతను కొలిచే ఎక్స్‌రే) చేయిస్తే తుంటి దగ్గర టి-స్కోరు (ఆరోగ్యంగా ఉన్న యువతీయువకుల ఎముకల సాంద్రతతో పోల్చి చెప్పే అంకె) మైనస్ 2.8 అని వచ్చింది. వారానికొకసారి వేసుకోమని అలెండ్రోనేట్ 70 మిల్లీగ్రాముల మాత్ర రాశారు. ఈ మాత్రలతో దవడ ఎముక పాడవుతుందని తెలిసినవాళ్లు భయపెడుతున్నారు. కాల్షియం, విటమిన్ డి మాత్రలతో సరిపెట్టుకోవచ్చా?

జవాబు: దయచేసి సరిపెట్టుకోకండి. నిలబడిన ఎత్తు నుంచి జారిపడినంత మాత్రానే ఎముక విరగడం, దానికి తోడు టి-స్కోరు మైనస్ 2.5 కన్నా కిందికి దిగడం, ఈ రెండూ కలిసినప్పుడు మందు అవసరమా కాదా అన్న సందేహానికి తావు లేదు. ఒకసారి ఎముక విరిగాక ఆ వెంటనే వచ్చే ఒకటి రెండేళ్లలోనే మరో ఎముక విరిగే ముప్పు అన్నిటికన్నా ఎక్కువగా ఉంటుంది కాబట్టి, ఆలోచిస్తూ కాలం గడపడం కూడా మంచిది కాదు.

ఎముకలో పాతబడిన భాగాన్ని కరిగించే కణాలు, ఆ చోట కొత్త ఎముకను పేర్చే కణాలు జీవితాంతం పనిచేస్తూనే ఉంటాయి. నెలసరి ఆగిపోయి ఈస్ట్రోజన్ తగ్గాక కరిగించే పని జోరందుకుంటుంది, పేర్చే పని దానితో సమంగా సాగలేక వెనకబడుతుంది. కాల్షియం, విటమిన్ డి కొత్త ఎముకకు కావలసిన సరుకును అందిస్తాయే తప్ప ఆ జోరును తగినంతగా అదుపు చేయలేవు. ఆ పని చేసేవి బిస్‌ఫాస్ఫోనేట్ జాతి మందులు. అలెండ్రోనేట్, రైసెడ్రోనేట్, ఐబాండ్రోనేట్, జోలెడ్రానిక్ ఆమ్లం ఈ జాతివే. ఇవి ఎముకలోని ఖనిజాన్ని అంటిపెట్టుకుని ఉండి, దాన్ని కరిగించడానికి వచ్చిన కణంలోకి చేరి ఆ కణం పనిని ఆపేస్తాయి. అప్పటికే వెన్నుపూస విరిగిన స్త్రీలకు అలెండ్రోనేట్ ఇచ్చి మూడేళ్లు పరిశీలించిన ఒక పెద్ద అధ్యయనం 1996లో వెలువడింది. అందులో కొత్తగా వెన్నుపూసలు విరగడం, తుంటి విరగడం రెండూ దాదాపు సగానికి తగ్గాయి. కాల్షియం మాత్రలొక్కటే ఈ స్థాయి ఫలితాన్ని ఎన్నడూ ఇవ్వలేదు. అలాగని వాటిని మానెయ్యమనడం లేదు. ఆహారంలో అందేదీ మాత్రలో అందేదీ కలిపి రోజుకు 1000 నుంచి 1200 మిల్లీగ్రాముల కాల్షియం, దానితోపాటు సరిపడా విటమిన్ డి ఉంటేనే అసలు మందు సవ్యంగా పనిచేస్తుంది.

ఇక మాత్ర వేసుకునే పద్ధతి. మింగిన అలెండ్రోనేట్‌లో ఒక శాతం కూడా రక్తంలోకి చేరదు, కడుపులో ఇంకేదైనా ఉంటే ఆ కాస్తా దక్కదు. అందువల్ల వారంలో ఒక రోజును ఎంచుకుని, ఆ ఉదయం లేవగానే పరగడుపున, గ్లాసు నిండా మామూలు మంచినీళ్లతో, నమలకుండా చప్పరించకుండా మింగాలి. కాఫీ, టీ, పాలు, పళ్లరసంతో వేసుకుంటే వేసుకోనట్టే. తరవాత కనీసం అరగంట పాటు కూర్చోవచ్చు, నిలబడవచ్చు, నడవవచ్చు, కానీ నడుం వాల్చకూడదు, ఏమీ తినకూడదు. మాత్ర అన్నవాహికలో నిలిచిపోతే అక్కడ పుండు పడే ప్రమాదం ఉంది కనుకనే ఇంత పట్టింపు. ఆ రోజు కాల్షియం మాత్రను మధ్యాహ్నానికో రాత్రికో జరుపుకోండి. ఒక వారం మరిచిపోతే, గుర్తొచ్చిన మర్నాడు ఉదయం ఒకటి వేసుకుని తిరిగి మీ మామూలు రోజుకు వచ్చేయండి, ఒకే రోజు రెండు మాత్రలు మాత్రం వద్దు.

మింగడం కష్టమైనవారికి, అరగంట నిటారుగా ఉండలేనివారికి ఈ మాత్ర సరిపడదు. అలాంటివారికి ఏడాదికొకసారి జోలెడ్రానిక్ ఆమ్లం 5 మిల్లీగ్రాములను కనీసం 15 నిమిషాల పాటు నరంలోకి ఎక్కిస్తారు. మొదటిసారి ఎక్కించాక మూడు రోజుల్లోపు జ్వరం, ఒళ్లు నొప్పులు రావచ్చు. పారాసెటమాల్‌తో అవి సర్దుకుంటాయి, మరుసటి ఏడాది అంతగా ఉండవు. కిడ్నీల వడపోత సామర్థ్యం (క్రియాటినిన్ క్లియరెన్స్) నిమిషానికి 35 మిల్లీలీటర్ల కన్నా తగ్గినవారికి అలెండ్రోనేట్ గానీ ఇది గానీ ఇవ్వరు. మొదలుపెట్టేముందు క్రియాటినిన్, కాల్షియం, విటమిన్ డి పరీక్షలు చేయించేది అందుకే.

దవడ ఎముక సమస్య నిజంగానే ఉంది, దాన్ని నేను కొట్టిపారేయను. కానీ ఎముకలు గుల్లబారినందుకు వాడే మోతాదులో అది ఏడాదికి పదివేల మందిలో ఒకరికో, అంతకన్నా తక్కువమందికో వస్తుంది. ఎక్కువగా కనిపించేది క్యాన్సర్ చికిత్సలో ఇవే జాతి మందులను పెద్ద మోతాదులో, తరచుగా తీసుకునేవారిలో. పీకించవలసిన పళ్లు ఉంటే ముందే పీకించుకుని, చిగుళ్లు మానాక మందు మొదలుపెట్టండి. తరవాత పంటి వైద్యం ఎప్పుడు చేయించుకున్నా ఈ మందు వాడుతున్నట్టు చెప్పండి. మీ మణికట్టు ఇప్పటికే విరిగింది, ఇప్పుడు కాపాడుకోవలసింది తుంటినీ వెన్నునూ.

ప్రశ్న: మా అమ్మగారికి 71 ఏళ్లు. ఆరు నెలలకొకసారి డెనోసుమాబ్ సూది మందు నాలుగు సార్లు తీసుకున్నారు. టి-స్కోరు మైనస్ 3.1 నుంచి మైనస్ 2.3కు వచ్చింది. నయమైందనుకుని అయిదో సూది వేయించలేదు. చివరి సూది వేసి ఎనిమిది నెలలైంది. ఇక ఆపేయవచ్చా?

జవాబు: ఈ ఉత్తరం చదివి నాకు ఆందోళన కలిగింది. వచ్చే నెల దాకా ఆగకుండా ఈ వారమే ఆమెను డాక్టరు గారి దగ్గరికి తీసుకెళ్లండి.

డెనోసుమాబ్ మంచి మందు. 2009లో వెలువడిన ప్రధాన అధ్యయనంలో మూడేళ్లలో వెన్నుపూసలు విరగడాన్ని 68 శాతం, తుంటి విరగడాన్ని 40 శాతం తగ్గించింది. కానీ బిస్‌ఫాస్ఫోనేట్ల మాదిరిగా ఇది ఎముకలో ఏళ్ల తరబడి నిల్వ ఉండదు. ఎముకను కరిగించే కణాలు తయారు కావడానికి అవసరమైన ఒక సంకేతాన్ని అడ్డుకుంటుంది, ఆరు నెలలకు ఆ అడ్డు తొలగిపోతుంది. అప్పుడు అంతవరకు ఆగి ఉన్న కణాలన్నీ ఒక్కసారిగా పని మొదలుపెట్టడంతో, చికిత్సకు ముందుకన్నా కూడా వేగంగా ఎముక కరుగుతుంది. పెరిగిన సాంద్రత ఏడాది రెండేళ్లలో పోతుంది. కొందరిలో రెండు మూడు వెన్నుపూసలు వరసగా కుంగిపోతాయి. అందుకే చివరి సూది నుంచి ఏడు నెలలు దాటనివ్వకూడదని పదే పదే చెబుతాం.

ఆమెకు కొత్తగా నడుం నొప్పిగానీ వీపు నొప్పిగానీ ఉందా, ఎత్తు తగ్గినట్టు కనిపిస్తోందా అని అడగండి. ఉంటే వెన్నెముక ఎక్స్‌రే తీయించాలి. ఈలోగా ముందుకు వంగి బరువులెత్తనివ్వకండి. రక్తంలో కాల్షియం, విటమిన్ డి, కిడ్నీల పనితీరు చూశాక డాక్టరు గారు డెనోసుమాబ్‌నే కొనసాగించవచ్చు, లేదా జోలెడ్రానిక్ ఆమ్లానికో అలెండ్రోనేట్‌కో మార్చవచ్చు. రెండేళ్లే వాడారు కాబట్టి ఇలా మార్చినప్పుడు ఎముక నిలిచే అవకాశం బాగానే ఉంటుంది. అదే ఏళ్ల తరబడి వాడాక మార్చడం ఇంకా కష్టం. ఏమైనా డెనోసుమాబ్ ఆపడమంటే మరో మందుకు మారడమే, ఊరికే మానేయడం కాదు. కిడ్నీలు బాగా దెబ్బతిన్నవారికి, ముఖ్యంగా డయాలసిస్ మీద ఉన్నవారికి ఈ సూదితో కాల్షియం ప్రమాదకరంగా పడిపోవచ్చు కాబట్టి ఆ పరీక్షలు లేకుండా ఎవరూ వేయించుకోకూడదు. స్కోరు మెరుగుపడడం గురించి మరొక మాట. ఆ మైనస్ 2.3 మందు అండతో నిలిచిన అంకె, జబ్బు పోయిందనడానికి గుర్తు కాదు.

ప్రశ్న: వయసు 54, నెలసరి ఆగి మూడేళ్లు. టి-స్కోరు మైనస్ 1.6. ఎముకలేవీ విరగలేదు. ముందుజాగ్రత్తగా మందు మొదలుపెట్టమంటారా?

జవాబు: ఆ అంకె ఒక్కదాన్ని చూసి మొదలుపెట్టమనను. మైనస్ 1కీ మైనస్ 2.5కీ మధ్య ఉన్నవారందరికీ మందు అక్కర్లేదు. షెఫీల్డ్ విశ్వవిద్యాలయం 2008లో రూపొందించిన ఫ్రాక్స్ అనే లెక్క ఉంది. వయసు, బరువు, తల్లిదండ్రుల్లో ఎవరికైనా తుంటి విరగడం, పొగతాగడం, స్టెరాయిడ్ల వాడకం వంటివన్నీ చేర్చి, రాబోయే పదేళ్లలో ఎముక విరిగే అవకాశం ఎంతో అది చెబుతుంది. మీ డాక్టరు గారిని ఆ లెక్క కట్టమని అడగండి. ఒళ్లంతా ఆవిర్లు, చెమటలతో మీరు బాగా బాధపడుతుంటే మాత్రం హార్మోను చికిత్స గురించి కూడా మాట్లాడండి. రొమ్ము క్యాన్సర్, రక్తం గడ్డకట్టడం, గుండెజబ్బు, పక్షవాతం వంటివి లేనివారికి ఈ వయసులో అది ఆ బాధనూ తగ్గిస్తుంది, ఎముకనూ కాపాడుతుంది. రాలాక్సిఫెన్ మాత్ర వెన్నుపూసలను కాపాడుతుంది గానీ తుంటిని కాపాడినట్టు రుజువు లేదు, ఆవిర్లను పెంచుతుంది కూడా.

ప్రశ్న: ఆరేళ్లుగా అలెండ్రోనేట్ మానకుండా వాడుతున్నాను. నా వయసు 69. రెండు నెలలుగా కుడి తొడలో సన్నగా నొప్పి. పడిందీ లేదు, దెబ్బ తగిలిందీ లేదు. వయసు నొప్పులే అనుకోవచ్చా?

జవాబు: అనుకోకండి. ఈ మందులను చాలా ఏళ్లు వాడినవారిలో అరుదుగా తొడ ఎముక మధ్య భాగంలో, బయటివైపు సన్నని చీలిక మొదలవుతుంది. అది పూర్తిగా విరగడానికి వారాలో నెలలో ముందు నుంచే తొడలోనో గజ్జలోనో ఇలాంటి నొప్పి ఉంటుంది. ఆ దశలో పట్టుకుంటే పెద్ద ప్రమాదం తప్పించవచ్చు. తొడ ఎముక పూర్తి పొడవునా, రెండు కాళ్లకూ ఎక్స్‌రే తీయించండి. నొప్పి కుడివైపే ఉన్నా ఎడమవైపూ చీలిక ఉండవచ్చు. ఎక్స్‌రేలో తేలకపోయినా నొప్పి తగ్గకపోతే ఎమ్మారై అవసరం. డాక్టరు గారు చూసేవరకు మాత్ర వేసుకోకండి, ఆ కాలు మీద ఎక్కువ బరువు మోపకండి.

చీలిక లేదని తేలినా, ఆరేళ్లు వాడారు కాబట్టి మందుకు విరామం ఇవ్వవచ్చేమో చూడవలసిన సమయం వచ్చింది. మాత్రలైతే అయిదేళ్ల తరవాత, ఏడాదికొకసారి ఎక్కించే మందైతే మూడేళ్ల తరవాత ఈ సమీక్ష జరగాలి. తుంటి స్కోరు మైనస్ 2.5 కన్నా మెరుగై, మధ్యలో ఎముకలేవీ విరగకుండా ఉంటే రెండు మూడేళ్లు ఆపి చూడవచ్చు. ఎముకలో నిల్వ ఉన్న మందు కొంతకాలం పనిచేస్తూనే ఉంటుంది, తొడ ఎముక ముప్పు మాత్రం ఆపాక త్వరగానే తగ్గుతుంది. వెన్నుపూసలు ముందే విరిగినవారికి, స్కోరు ఇంకా తక్కువగా ఉన్నవారికి చికిత్స కొనసాగించడమే మేలు. విరామం బిస్‌ఫాస్ఫోనేట్లకే చెల్లుతుంది, పైన చెప్పిన డెనోసుమాబ్‌కు చెల్లదు.

ప్రశ్న: మా అత్తగారికి మూడు వెన్నుపూసలు కుంగాయి. రోజూ వేసుకునే టెరిపారటైడ్ సూది రాశారు. మాత్రలతో పోకుండా సూది ఎందుకు? రెండేళ్ల తరవాత ఏమిటి?

జవాబు: మూడు వెన్నుపూసలు కుంగినవారికి ఎముకను కరగనివ్వకుండా ఆపడం ఒక్కటే చాలదు, కొత్తది కట్టాలి. టెరిపారటైడ్ పారాథైరాయిడ్ హార్మోనులో మొదటి 34 అమైనో ఆమ్లాల భాగం. ఆ హార్మోను ఎప్పుడూ ఎక్కువగానే ఉంటే ఎముక కరుగుతుంది. అదే రోజుకొకసారి 20 మైక్రోగ్రాములు కాసేపు పెరిగి తగ్గేలా ఇస్తే ఎముకను పేర్చే కణాలు చురుకవుతాయి. ఇలా వెన్ను విరిగినవారిలో దీన్ని రైసెడ్రోనేట్ మాత్రతో నేరుగా పోల్చి 2018లో ప్రచురించిన అధ్యయనంలో, రెండేళ్లలో కొత్తగా వెన్నుపూస విరిగినవారు మాత్ర వాడినవారిలో 12 శాతం ఉంటే, ఈ సూది తీసుకున్నవారిలో 5.4 శాతమే ఉన్నారు.

మందు నింపి ఉండే సూది పెన్నును ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచండి, గడ్డకట్టనివ్వకండి. వాడడం మొదలుపెట్టిన 28 రోజులకు మందు మిగిలినా పారేయాలి. రోజూ కొత్త సూది బిగించి, తొడలోగానీ పొట్టమీదగానీ చోటు మారుస్తూ వేయాలి. మొదటి కొద్ది రోజులు వేసిన వెంటనే కళ్లు తిరగవచ్చు కాబట్టి ఆమెను మంచం మీద కూర్చోబెట్టి వేయండి. ఎముకకు రేడియేషన్ తీసుకున్నవారికి, ఎముకలకు పాకిన క్యాన్సర్ ఉన్నవారికి, రక్తంలో కాల్షియం ఎక్కువగా ఉన్నవారికి ఇది ఇవ్వరు. రెండేళ్లు పూర్తయ్యాక వెంటనే బిస్‌ఫాస్ఫోనేట్‌గానీ డెనోసుమాబ్‌గానీ మొదలుపెట్టాలి, లేకపోతే కట్టుకున్న ఎముక కరిగిపోతుంది. ఆ తరవాతి మందేమిటో ఇప్పుడే అడిగి రాసిపెట్టుకోండి. నెలకొకసారి చొప్పున ఏడాది ఇచ్చే రోమోసోజుమాబ్ కూడా ఎముకను కట్టేదే, అయితే గడిచిన ఏడాదిలో గుండెపోటుగానీ పక్షవాతంగానీ వచ్చినవారికి దాన్ని వాడకూడదు.

ప్రశ్న: నేను పురుషుణ్ణి, 47 ఏళ్లు. కీళ్లవాతానికి అయిదు నెలలుగా రోజూ ప్రెడ్నిసొలోన్ 7.5 మిల్లీగ్రాములు వాడుతున్నాను. నాకూ ఈ మందులు అవసరమా?

జవాబు: అవసరం కావచ్చు. ప్రెడ్నిసొలోన్ స్టెరాయిడ్ జాతి మందు. స్టెరాయిడ్ల వల్ల ఎముక నష్టం మొదటి కొన్ని నెలల్లోనే ఎక్కువగా జరుగుతుంది, మగవారిని మినహాయించదు. రోజుకు 2.5 మిల్లీగ్రాములైనా మూడు నెలలు దాటి వాడేవారందరికీ ఎముకల ముప్పును అంచనా వేయాలి. డెక్సా, వెన్నెముక ఎక్స్‌రే, విటమిన్ డి, టెస్టోస్టిరాన్ పరీక్షలు చేయించుకోండి. ముప్పు ఉందని తేలితే అలెండ్రోనేట్ మొదలుకొని టెరిపారటైడ్ దాకా పైన చెప్పిన మందుల్లో చాలావరకు మగవారికీ ఇస్తారు. స్టెరాయిడ్‌ను మాత్రం భయపడి మీ అంతట మీరు ఆపకండి. ఒక్కసారిగా ఆపితే ప్రాణాపాయం రావచ్చు. కీళ్లవాతాన్ని ఇతర మందులతో అదుపులోకి తెచ్చి స్టెరాయిడ్ మోతాదును ఎంత త్వరగా, ఎంత మేరకు తగ్గించగలరో మీ డాక్టరు గారినే అడగండి.