వ్యాసానికి మొదలు, ముగింపు కుదరాలంటే: హన్మకొండలో గ్రూప్-1కి చదివిన అనుభవంతో

డిగ్రీ అయిపోయి గ్రూప్-1 మెయిన్స్‌కు చదువుతున్నానన్నావు. వ్యాసంలో మధ్య భాగం వస్తోంది కానీ మొదలు, ముగింపు కుదరట్లేదు, సూక్తులు బట్టీ పట్టాలా అని అడిగావు. సూక్తులు వద్దు తమ్ముడూ. పది అంశాలకు అతికే సూక్తి ఒక్క అంశానికీ బలం ఇవ్వదు.

కాకతీయ యూనివర్సిటీ లైబ్రరీలో కూర్చుని మేం ఒకరి వ్యాసాలు ఒకరం దిద్దుకునేవాళ్లం. మొదటి పేరా ఒక్కటే చదివి, ప్రశ్న ఏంటో, రాసినవాళ్లు ఏ పక్షమో చెప్పాలి. చెప్పలేకపోతే ఆ పేరా కొట్టేసి మళ్లీ రాయాల్సిందే. నాకు ఇంతకన్నా మంచి పరీక్ష ఇప్పటికీ దొరకలేదు.

ఒక ప్రశ్న తీసుకుందాం: ‘నగరాల్లో వరదలకు చెరువుల ఆక్రమణే ప్రధాన కారణం. మీ అభిప్రాయం రాయండి.’ ఎక్కువ మంది ‘నీరే ప్రాణాధారం, నాగరికతలన్నీ నదుల ఒడ్డునే వెలిశాయి’ అని మొదలుపెడతారు. ఇందులో కాదనేవాళ్లు ఎవరున్నారు? కాదనేవాళ్లే లేనిచోట వాదన ఎక్కడిది? ఇంకొందరు 1213 నాటి రామప్ప గుడిని, 2021లో వచ్చిన యునెస్కో గుర్తింపును తెచ్చి ముందే పెడతారు. మనకు గర్వకారణమే, కానీ అడిగింది అది కాదు. ఇలా రాసి చూడు:

‘2020 ఆగస్టులో, 2023 జులైలో వరంగల్ కాలనీలు నీట మునిగాయి. వాన అసాధారణంగా పడిన మాట నిజం. 2023లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులోనే 649 మిల్లీమీటర్లకు పైగా కురిసింది. అంత వానను ఏ ఊరూ సులువుగా తట్టుకోలేదు. కానీ ఒక చెరువు మత్తడి పోస్తే ఆ నీరు కింది చెరువుకు చేరేలా కాకతీయులు గొలుసుకట్టు చెరువులు కట్టించిన నేల ఇది. నీళ్లు పోయే దారిలో ఇళ్లు లేచాయి కాబట్టే వాన వెలిశాక కూడా కాలనీల్లో నీరు నిలిచింది. అందుకే వాన కంటే ఆక్రమణలదే పెద్ద పాత్ర.’

ఇక్కడ ఎదుటి పక్షానికి ఉన్న గట్టి మాట మనమే ముందు చెప్పాం, ఒప్పుకున్నాం, ఆ తర్వాతే మన మాట, దానికి కారణం. పేపరు దిద్దేవారికి ఇతను రెండు వైపులా ఆలోచించాడని అయిదారు వాక్యాల్లోనే తెలిసిపోతుంది. వెయ్యి పదాల వ్యాసానికి ఇంతకు మించిన మొదలు అక్కర్లేదు.

అసలు కష్టం ముగింపుతోనే. ‘ప్రభుత్వం, ప్రజలు కలిసికట్టుగా కృషి చేయాలి’ అనే వాక్యం వదిలెయ్. ఎవరు ఏం చేయాలో తేల్చుకోనప్పుడే ఆ వాక్యం వస్తుంది. పైన రాసిందే మళ్లీ రాయడం కూడా ముగింపు కాదు. నీ వాదన ఒప్పుకుంటే రేపు ఏం చేయాల్సి వస్తుంది, దాని భారం ఎవరి మీద పడుతుంది, అది రాయాలి.

మన ప్రశ్నలో ‘ఆక్రమణలు తొలగించాలి’ అనడం తేలిక. తెలియక శిఖం భూమిలో, అంటే చెరువు నీళ్లు నిలిచే నేలలో, ప్లాటు కొని, అప్పు చేసి రెండు గదులు వేసుకున్న కూలీ కుటుంబం సంగతేంటి? దానికి జవాబు లేని ముగింపును నేను ఒప్పుకోను. ముందు నాలాలు తెరవాలి, ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పుడు నీరు చేరే మట్టం) హద్దు రాళ్లు పాతాలి, ఆ సర్వే నంబర్లలో రిజిస్ట్రేషన్లు ఆపాలి, అప్పటికే ఉంటున్న పేదలకు వేరే చోట ఇల్లు చూపించాకే కూల్చాలి. ఈ వరసలో రాస్తే మనిషి బాధ తెలిసినవాడి తీర్పులా ఉంటుంది. నీ వాదనకు హద్దు కూడా చెప్పు: ‘ఇవన్నీ చేసినా అంత వాన మళ్లీ పడితే నీరు వస్తుంది, కానీ రోజుల తరబడి నిలవదు.’ అంతకు మించి హామీ ఇవ్వకు. ఇక్కడ కొత్త వాదన ఎత్తుకోవద్దు, దాన్ని నిరూపించడానికి చోటుండదు.

జనరల్ ఎస్సే పేపర్లో మూడు గంటల్లో మూడు వ్యాసాలు, ఒక్కోటి 50 మార్కులు. మూడో వ్యాసం ముగింపుకు వచ్చేసరికి చెయ్యి లాగుతుంది, టైమూ ఉండదు. కాబట్టి ఒక్కో వ్యాసం మొదలుపెట్టే ముందే మూడు ముక్కలు రఫ్‌గా రాసుకో: నా మాట, ఎదుటివాళ్ల గట్టి మాట, నా చివరి వాక్యం. చివర ఎక్కడ ఆగాలో తెలిస్తే మధ్యలో దారి తప్పవు.

రోజూ పూర్తి వ్యాసం రాసే ఓపిక ఉండదు. పాత ప్రశ్నలు తీసుకుని మొదటి పేరా, చివరి పేరా మాత్రమే రాసి తోటి స్నేహితుడికి ఇవ్వు. ఈ చెరువుల ప్రశ్ననే ఎదుటి పక్షం తీసుకుని, వానే ప్రధాన కారణమని రాసి నాకు పంపు. చదివి ఎక్కడ సడలిందో చెప్తాను.