సముద్రం పక్క పల్లెలో కొత్త లూథరన్ గుడి: ఉన్న డబ్బు గోపురానికా, లోపలికా?

వందనాలండి. నిజాంపట్నం వైపు మీ పల్లెలో పాత పెంకుల గుడి తీసేసి స్లాబుతో కడుతున్నామని, డబ్బు గోపురం మీద పెట్టాలా లోపల పెట్టాలా అని అడిగారు. అవి రెండూ తర్వాత. ముందు నీళ్ల సంగతి తేల్చుకోండి.

నేనుండేది గుంటూరు. మా అమ్మమ్మ వాళ్లది సూర్యలంక దగ్గర పల్లె. అక్కడి కొత్త గుడికి పట్టుమని పదేళ్లు నిండకుండానే స్లాబు పెచ్చులూడి ఊచలు బయటపడ్డాయి. కట్టిన మేస్త్రీ ఊరి బోరు నీళ్లతోనే కాంక్రీటు కలిపించాడు, అవేమో నోట పెట్టలేనంత ఉప్పన. ఊచల్ని అచ్చు చెక్కకు అంటకుండా ఎత్తిపట్టే కవర్ బ్లాకులు పెట్టాల్సిన చోట చేతికందిన కంకర దోపాడు. సెంట్రింగ్ విప్పిన రోజే అడుగున ఊచల గీతలు కనపడ్డాయి. ఉప్పుకి అది చాలు. ఊచ తుప్పుపట్టి ఉబ్బి కాంక్రీటును పగలదోస్తుంది, పైన ఎన్ని రంగులేసినా ఆగదు.

సముద్రతీరంలో ఆర్‌సీసీకి ఐఎస్ 456, అంటే కాంక్రీటు పనులకున్న భారత ప్రమాణం, చెప్పేది కనీసం ఎం30 బలమున్న కాంక్రీటు, ఊచల మీద 45 మిల్లీమీటర్ల కవరు, అంటే ఊచను కప్పే కాంక్రీటు మందం. మామూలు ఇళ్లకు వాడే 20 మిల్లీమీటర్ల బ్లాకులు తెస్తే వెనక్కి పంపండి. మంచినీళ్ల ట్యాంకర్లు కలపడానికే కాదు, క్యూరింగుకీ లెక్కలో వేసుకోండి. ఒడ్డున ఊరికే దొరికే ఇసుక జోలికి పోవద్దు.

ఇక లోపల. ఈ మధ్య కడుతున్న గుడులు చాలావరకు కల్యాణ మండపాల్లా ఉంటున్నాయి, ముందంతా స్టేజీయే. మనకు సంస్కారాలు రెండే, బాప్తిస్మం, ప్రభువు బల్ల. వాటితో పాటు వాక్యం. కాబట్టి బాప్తిస్మపు తొట్టి, బలిపీఠం, ప్రసంగ పీఠం, ఈ మూడూ వెనక చాప మీద కూర్చున్న ముసలమ్మకి కూడా కనపడాలి. అమ్మమ్మ వాళ్ల ఊళ్లో తొట్టిని డ్రమ్ముల వెనక పెట్టారు, బిడ్డకు బాప్తిస్మం ఉంటే ముందు కీబోర్డు జరపాలి! గోడలకు పైదాకా టైల్స్ కూడా వద్దు. మాట గింగిరాలు తిరుగుతుంది, మైకు పెంచినకొద్దీ ప్రసంగం అర్థం కాదు.

ప్లాను గీయించే ముందు సంఘ పెద్దల్ని ఒకసారి గుంటూరు తీసుకురండి. 1842లో లూథరన్ మిషనరీ హయ్యర్ దొర దిగిన ఊరు, పాతకాలపు లూథరన్ గుడులు దగ్గరుండి చూడొచ్చు. మన ఆంధ్ర ఎవాంజెలికల్ లూథరన్ చర్చి (ఏఈఎల్‌సీ) ఆఫీసూ ఇక్కడే, స్థలం కాగితాలు ఎవరి పేరున ఉన్నాయో అదే రోజు కనుక్కోండి.

గోపురం చిన్నదైనా ఫర్వాలేదు. శిలాఫలకం మీద ఎవరి పేరు ముందుండాలన్న గొడవ ఎలాగూ తప్పదు, అది స్లాబు పడ్డాక పెట్టుకోండి.